దగ్గరి ప్రతికి దారి

2025 సెప్టెంబరు 6వ తేదీన ఎఱ్ఱసముద్రములో, సౌదీ అరేబియాలోని జెడ్డా రేవునకు సమీపమున, సముద్రగర్భమునందలి కేబుళ్లు కొన్ని తెగిపోయినవి. వానిలో భారతదేశమును ఐరోపాతో కలుపు ముఖ్యమైన కేబుళ్లు రెండు కలవు. ఆ వెంటనే భారతదేశములోను, పాకిస్తానులోను, మరికొన్ని దేశములలోను అంతర్జాలము మందగించెను. సముద్రపు టడుగున తెగిన కేబులును అతికించుట యనగా ఓడ నొకదానిని పంపి, తెగిన కొనలను వెదకి పైకి లాగి, ఓడమీదనే కలిపి, మరల నీటిలోనికి దింపుట. అది ఒకనాటితో తీరు పని కాదు. అంతవరకు పడమటి దేశముల సర్వరులతో పని గలవారి సమాచారము చుట్టుదారులు పట్టి పోవలసినదే. కావలసిన వస్తువు దేశము లోపలనే, తమకు దగ్గరలోనే ఉన్నవారికి మాత్రము ఆ చుట్టుదారితో పని లేదు.

ఈ చివరి మాటలోనే ఆలోచింపదగిన విషయ మొకటి కలదు. పాఠశాలలో ఒక విద్యార్థి కంప్యూటరు ముందు కూర్చుండి, ఏదో యొక సాఫ్ట్‌వేరు కావలెనని మీట నొక్కును. కొన్ని నిమిషములలో అది వచ్చి చేరును. అది ఎక్కడనుండి వచ్చినది? ఆ సాఫ్ట్‌వేరునకు ప్రపంచమున పలుచోట్ల ప్రతులుండగా ఈ ప్రతియే అతనికి ఏల వచ్చినది? దీనిని నిర్ణయించిన వారెవరు? ఆ నిర్ణయమును ఎంతవరకు నమ్మవచ్చును? ఇవి ఇంజనీర్లకు మాత్రమే సంబంధించిన ప్రశ్నలని చాలమంది తలతురు. బడులలో కంప్యూటర్లు అడుగుపెట్టిన ఈ కాలమున ఇవి విద్యకు సంబంధించిన ప్రశ్నలు కూడ.

ప్రతుల అవసరము

ఒకే గ్రంథమునకు పలుచోట్ల ప్రతులుండుట తెలుగువారికి క్రొత్త కాదు. అచ్చుయంత్రము రాకపూర్వము కావ్యము ఒకచోట పుట్టెడిది. లేఖకులు దానిని తాటాకులపై నెక్కించి నలుదిక్కులకు కొనిపోయెడివారు. తంజావూరు సరస్వతీ మహలు గ్రంథాలయమున నేటికిని తెలుగు తాళపత్ర గ్రంథములు వందలకొలది కలవు. ఒకచోటి ప్రతి చెదల పాలైనను వేరొకచోటి ప్రతి నిలిచెడిది. అయితే ప్రతులు పెరిగినకొలది గ్రంథమునకు ఆయువుతోపాటు పాఠభేదములును పెరిగినవి. ఒక లేఖకుడు పొరపాటున అక్షరమును మార్చును; మరియొకడు తెలిసియే పద్యమును చేర్చును. అందుచేతనే పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌను తెలుగు కావ్యముల ప్రతులను పలుతావులనుండి తెప్పించి, పండితులచే పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయింపవలసివచ్చెను. ప్రతివలన కలుగు మేలు, ప్రతివలన కలుగు కీడు రెండును ఒక్కచోటనే పుట్టుచున్నవి.

సాఫ్ట్‌వేరు లోకమున ఇట్టి ప్రతిని నిలిపి, అడిగినవారికెల్ల ఉచితముగ నిచ్చు సర్వరును ‘మిర్రరు’, అనగా అద్దము, అందురు. పేరు అద్దమైనను అది వట్టి నీడ కాదు. మూల భాండారములోని ఫైళ్లనన్నిటిని తనయొద్ద నుంచుకొని, మూలము మారినప్పుడెల్ల తానును మారుచుండు నిండు ప్రతి. గ్రంథముల అక్షరకూర్పునకు ఉపకరించు ‘టెక్’ అను సాఫ్ట్‌వేరునకు 1992 నుండియు, ‘పెర్ల్’ అను కంప్యూటరు భాషకు 1995 నుండియు ఇట్టి ప్రతుల వరుస ప్రపంచమంతట వ్యాపించి యున్నది. 1993లో ఇయన్ మర్డాక్ ఆరంభించిన ‘డెబియన్’ మరింత పెద్ద ఉదాహరణము. 2025 ఆగస్టులో వెలువడిన దాని 13వ సంచికలో దాదాపు 70 వేల ప్యాకేజీలు కలవు. ఎవరైనను ఉచితముగ గ్రహింపవచ్చును, పంచిపెట్టవచ్చును.

ఇంతటి భాండారమును ప్రపంచమునకంతకు ఒకే సర్వరునుండి అందించుట అసాధ్యము. కావున విశ్వవిద్యాలయములు, పరిశోధన సంస్థలు, అంతర్జాల సంస్థలు తమ డిస్కులలో కొంత చోటును, తమ లైనులలో కొంత భాగమును దీనికై విడిచిపెట్టుచున్నవి. భారతదేశమున కాన్పూరు ఐఐటీ వంటి విద్యాసంస్థలు ఈ సేవ చేసినవి. వేసవిలో బాటసారుల కొరకు ఊరివారు నడుపు చలివేంద్రము వంటి ఏర్పాటిది. దాహము తీర్చుకొన్నవాడు ఆ కుండ ఎవరిదో సాధారణముగ అడుగడు. మిర్రరు విషయములోను అట్లే జరుగుచున్నది.

దూరము కలిగించు ఆలస్యము

అంతర్జాలములో దూరమను మాటకు అర్థము లేదని ఒక అభిప్రాయము వ్యాపించియున్నది. అది సరికాదు. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. హైదరాబాదునుండి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు సూటిగా కొలిచినచో సుమారు 7,000 కిలోమీటర్లు. ఒక ప్రశ్న పోవుటకు సెకనులో వెయ్యింట 35 వంతులు, సమాధానము వచ్చుటకు మరి 35 వంతులు పట్టును. ఎంత గొప్ప యంత్రమును తెచ్చినను దీనిని తగ్గించుట సాధ్యము కాదు. అది వెలుగునకు గల హద్దు. కేబులు ఎన్నడును సూటిగా పోదు. తీరములను చుట్టి, అనేకమైన కూడళ్లలో చేతులు మారి పోవును. కావున నిజముగ పట్టు కాలము ఇంతకు రెట్టింపు కావచ్చును.

సెకనులో ఏడెనిమిది పదులు వెయ్యింట వంతుల ఆలస్యమేమి లెక్క యని తోచవచ్చును. కాని ఫైలు ఒక్కమారుగా రాదు; చిన్న చిన్న ముక్కలై వచ్చును. పంపు సర్వరు కొన్ని ముక్కలను పంపి, అవి చేరినవని జవాబు వచ్చువరకు ఆగును. జవాబు వచ్చిన పిదప తరువాతి ముక్కలను పంపును. ఒకమారు 64 కిలోబైట్లు పంపి జవాబునకు ఆగు నియమ మున్నదనుకొందము. రాకపోకకు వెయ్యింట 150 వంతులు పట్టు దూరమున సెకనుకు దాదాపు 430 కిలోబైట్లు మాత్రమే చేరును. వెయ్యింట 10 వంతులు పట్టు దూరమున అదే నియమముతో 6,400 కిలోబైట్లు చేరును. పాఠశాల లైను వెడల్పు రెండు సందర్భములలోను ఒకటే. మారినది దూరము మాత్రమే. నేటి కంప్యూటర్లు ఒకమారు పంపు మొత్తమును పరిస్థితిని బట్టి పెంచుకొనగలవు. ఆ పెంపుదల కూడ ఒక్కొక్క రాకపోకకు ఒక్కొక్క మెట్టుగా జరుగును. దారిలో ముక్కలు జారిపోయినచో మరల తగ్గును. కాబట్టి దగ్గరివానికి గల లాభము తగ్గినదే కాని పోలేదు.

దారి చూపు పద్ధతులు

దగ్గరి ప్రతిని కనుగొను భారము తొలిదినములలో అడుగువానిమీదనే ఉండెడిది. దేశముల పేర్లతో ఒక జాబితా ఇచ్చెడివారు. తనకు దగ్గరిదేదో అతడే ఎన్నుకొనవలెను. తెలిసినవాడు తెలివిగా ఎన్నుకొనెడివాడు. తెలియనివాడు జాబితాలో మొదటి పేరునే పట్టుకొనెడివాడు. అందుచే మొదటి సర్వరుమీద బరువు పెరుగుటయు, మిగిలినవి ఖాళీగ నుండుటయు తటస్థించెను.

తరువాత దారి చూపు సర్వరులు వచ్చినవి. ఇవి వస్తువును తామీయవు. అడుగువాని చిరునామా చూచి, ‘నీకు కావలసినది ఫలానాచోట కలదు, అక్కడికి పొమ్ము’ అని చెప్పును. కంప్యూటరు ఆ మాట విని, తన యజమానికి తెలియకుండగనే అక్కడికి పోయి వస్తువును తెచ్చుకొనును. పీటర్ పోమెల్ రచించిన ‘మిర్రర్‌బ్రెయిన్’ ఈ పద్ధతికి మంచి ఉదాహరణము. ఓపెన్‌సూసె, లిబ్రెఆఫీసు సంస్థలు దీనిని వాడినవి. అది ఎంపిక చేయు క్రమము గమనింపదగినది. అడుగువాని సంస్థ లైనులోనే మిర్రరున్నదా యని మొదట చూచును; లేనిచో అదే దేశమున; అక్కడను లేనిచో అదే ఖండమున; చివరకు ఎక్కడనైనను. దగ్గరలో పలు మిర్రరులున్నచో వాని శక్తిని బట్టి బరువును పంచును. అడిగిన ఫైలు ఆ మిర్రరులో నిజముగ కలదా, ఆ మిర్రరు మేల్కొని యున్నదా యని ముందుగానే తెలిసికొని యుండును. వి.ఎల్.సి. అను దృశ్యశ్రవణ సాఫ్ట్‌వేరును పంచు వీడియోలాన్ వారి కొరకు తయారైన ‘మిర్రర్‌బిట్స్’ పనియు ఇట్టిదే.

ఫెడోరా వారి పద్ధతి కొంత వేరు. అది ఒక్క మిర్రరును చూపి ఊరకుండదు; తగిన మిర్రరుల జాబితాను, దానితోపాటు అసలు ఫైలునకు ఉండవలసిన గుర్తును కూడ ఇచ్చును. ఒకటి పలుకనిచో కంప్యూటరు రెండవదానిని పిలుచును. ఉబుంటులో మీట నొక్కినచో ఆ కంప్యూటరే పలు సర్వరులను పలుకరించి, త్వరగా పలికినదానిని ఎన్నుకొనును. ఇవిగాక ఒకే చిరునామాను పలు నగరములనుండి చాటు పద్ధతియు కలదు. అప్పుడు దారి చూపు సర్వరు ప్రత్యేకముగ లేకయే, అంతర్జాలపు కూడళ్లే తమకు దగ్గరి దారిలో ప్రశ్నను పంపివేయును.

పటముపై దగ్గర, దారిలో దగ్గర

ఇన్ని పద్ధతులున్నను మూలప్రశ్న ఒకటి మిగులుచున్నది. దగ్గర యనగా నేమి? దారి చూపు సర్వరునకు తెలిసినది అడుగువాని ఐపీ చిరునామా యను అంకె మాత్రమే. ఏ అంకె ఏ ఊరిదో తెలుపు జాబితాలను కొన్ని సంస్థలు తయారుచేయుచున్నవి. అవి చాలవరకు సరిగానే యుండును. కాని తప్పు జరిగినప్పుడు అది వింతగా నుండును. అమెరికాలో ఉన్నదని మాత్రమే తెలిసి, ఏ ఊరో తెలియని చిరునామాల నన్నిటిని ఒక సంస్థ ఆ దేశపు నడిమిభాగమున ఒక బిందువుపై గుర్తించెను. ఆ బిందువు కాన్సస్ రాష్ట్రములోని ఒక పల్లెటి పొలముపై పడెను. 60 కోట్లకు పైబడిన చిరునామాలు ఆ పొలమునకు చెందినట్లు జాబితాలో చేరినవని 2016లో పత్రికలు బయటపెట్టెను. ఎక్కడెక్కడి నేరములనో వెదకుచు అధికారులు ఆ పొలము గుమ్మము తట్టిరి. ‘తెలియదు’ అని వ్రాయవలసినచోట ఒక ఊహను వ్రాసినందుకు కలిగిన ఫలితమిది.

జాబితా సరియైనదే యైనను పటముపై దగ్గరివారు దారిలో దగ్గరివారు కాకపోవచ్చును. దీనికి భారతదేశమే తార్కాణము. 1995 ఆగస్టు 15న ఈ దేశమున ప్రజలకు అంతర్జాలము లభించినది. తరువాత ప్రైవేటు సంస్థలు వచ్చినవి. కాని ఒక సంస్థ లైనులోనున్నవాడు అదే నగరములో మరియొక సంస్థ లైనులోనున్న వానికి పంపిన సమాచారము పలుమారులు విదేశమునకు పోయి తిరిగి వచ్చెడిది. రెండు సంస్థలును దేశములోపల కలిసికొను కూడలి లేకపోవుటయే కారణము. ఆ లోటు తీర్చుటకే 2003లో ‘నిక్సీ’ అను జాతీయ అంతర్జాల కూడలి సంస్థ ఏర్పడినది. దేశములోని సమాచారము దేశములోనే చేతులు మారవలెనని దాని ఆశయము. 2005లో అంతర్జాలపు పేర్ల వ్యవస్థకు మూలమైన రూట్ సర్వరుల ప్రతులు మూడు ముంబయి, చెన్నై, ఢిల్లీ ప్రాంతములలో వెలసినవి. పేరు చెప్పి చిరునామా అడుగు ప్రశ్న అంతకుముందువలె సముద్రము దాటవలసిన అవసరము తగ్గినది.

ఇంతటితో చిక్కు తీరలేదు. పేర్ల వ్యవస్థ ద్వారా దారి చూపునప్పుడు, అడుగువాడు నేరుగా ప్రశ్నింపడు. అతని పక్షమున వేరొక సర్వరు ప్రశ్నించును. ఆ మధ్యవర్తి దూరదేశమున ఉన్నచో, దారి చూపువాడు మధ్యవర్తికి దగ్గరి ప్రతిని చూపునే కాని, అసలు అడిగినవానికి దగ్గరిదానిని చూపలేడు. దీనిని సరిదిద్దుటకు అడుగువాని చిరునామాలో కొంత భాగమును ప్రశ్నతోపాటు పంపు పద్ధతి 2016లో లిఖితరూపము పొందెను. అందువలన దారి మెరుగయ్యెను. కాని ఎవరెక్కడనుండి ఏమడుగుచున్నారో తెలిసికొనువారి సంఖ్యయు పెరిగెను. ఒక సౌకర్యమును కొనుటకు కొంత గోప్యతను చెల్లింపవలసివచ్చినది.

కాబట్టి సమీపమును నిర్ణయించునది భూగోళ మొక్కటియే కాదు. ఏ సంస్థ ఏ సంస్థతో కలియుటకు ఒప్పుకొన్నది, ఏ విద్యాలయము తన డిస్కును, లైనును ఇచ్చుటకు ముందుకు వచ్చినది, ఏ ప్రభుత్వము కూడళ్లను నెలకొల్పినది, వీనిని బట్టియే దగ్గర, దూరము ఏర్పడుచున్నవి. సమీపము మనుష్యులు కల్పించుకొను వస్తువు.

దగ్గరి ప్రతి శుద్ధప్రతియేనా?

ఇక తాటాకుల నాటి చిక్కు మరల వచ్చుచున్నది. దగ్గరగా నున్నంత మాత్రమున ప్రతి నమ్మదగినది కాదు. 2012 సెప్టెంబరులో సోర్స్‌ఫోర్జ్ అను సాఫ్ట్‌వేరు భాండారమునకు గల మిర్రరులలో కొరియాలోని ఒకదానియందు ‘పీహెచ్‌పీ మై అడ్మిన్’ అను సాఫ్ట్‌వేరు ప్రతిలో ఎవరో దొంగదారి నొకదానిని చేర్చిరి. సుమారు 400 మంది దానిని దింపుకొనిరి. మూలము శుద్ధముగనే యున్నది. మిగిలిన మిర్రరులును శుద్ధముగనే యున్నవి. ఏ మిర్రరునకు దారి చూపబడెనో దానిని బట్టి ఒకనికి శుద్ధప్రతియు, మరియొకనికి విషప్రతియు లభించినవి. 2017 మే 2 నుండి 6 వరకు ‘హ్యాండ్‌బ్రేక్’ అను సాఫ్ట్‌వేరు డౌన్‌లోడు సర్వరులలో ఒకదానికి ఇట్టి ఆపదయే సంభవించెను. ఆ దినములలో దానిని మాక్ కంప్యూటర్లలోనికి దింపుకొన్నవారికి కల్తీప్రతి చేరియుండుటకు సగమునకు సగము అవకాశము కలదని ఆ సంస్థయే ప్రకటించెను.

ప్రతిని చెడగొట్టుట ఒక మార్గము. దారి చూపువానిని చెడగొట్టుట మరియొక మార్గము. 2016 ఫిబ్రవరి 20న ‘లినక్స్ మింట్’ వారి వెబ్‌సైటులో దుండగులు చొరబడి, డౌన్‌లోడు లంకెను మార్చి, తాము తయారుచేసిన కల్తీప్రతి వైపు త్రిప్పిరి. అడిగినవాడు సరియైన గుమ్మమునే తట్టెను. గుమ్మమువాడు తప్పు త్రోవ చూపెను.

వీనికంటె సూక్ష్మమైన మోసమును 2008లో అమెరికాలోని ఆరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు బయటపెట్టిరి. వారు కల్పితమైన పేరుతో ఒక మిర్రరును నెలకొల్పి, దానిని పలు లినక్సు పంపిణీల అధికార జాబితాలలో చేర్పింపగలిగిరి. అట్టి మిర్రరు ఫైలులో ఒక్క అక్షరమును మార్చనక్కరలేదు. పాతప్రతిని పాతప్రతిగనే నిలిపి, క్రొత్తది రాలేదన్నట్లు మౌనముగ నున్న చాలును. పాతప్రతిలోని లోపము లోకమునకంతకు తెలిసిన పిదపను, ఆ మిర్రరును నమ్మినవారి కంప్యూటర్లు ఆ లోపముతోనే ఉండిపోవును. ప్రతి నిజమైనదే, ముద్రయు నిజమైనదే. అబద్ధమెల్ల కాలమునకు సంబంధించినది.

వీనికి విరుగుడు లేకపోలేదు. డెబియన్ వారు తమ భాండారపు పట్టికపై రహస్య సంఖ్యతో ముద్ర వేయుదురు. ఆ పట్టికలో ఇతర పట్టికల చెక్‌సమ్‌లు, వానిలో ఒక్కొక్క ప్యాకేజీ చెక్‌సమ్ ఉండును. ఫైలులో ఒక్క అక్షరము మారినను చెక్‌సమ్ మారిపోవును. కంప్యూటరు తనయొద్ద ముందే యున్న తాళముతో ముద్రను పరీక్షించి, ఒకదానినుండి ఒకదానిని సరిచూచుకొనును. పట్టికకు గడువు తేదీ వ్రాయు ఏర్పాటును కలదు. ఆ గడువు దాటినచో మౌనముగనున్న మిర్రరు మోసము బయటపడును. అత్యవసరమైన భద్రతా సవరణల కొరకు వేరుగ ఒక సర్వరును ఏర్పరచిరి.

ఈ ఏర్పాటులో ఒక గొప్ప సూత్రము ఇమిడి యున్నది. వస్తువును ఇచ్చు చేయి వేరు. అది నిజమని చెప్పు ముద్ర వేరు. ఈ రెంటిని విడదీసినందువలననే, ముక్కు మొగము తెలియని సంస్థ చేతినుండియైనను నిర్భయముగ వస్తువును అందుకొనవచ్చును. బ్రౌను పండితులు నెలల తరబడి చేసిన పాఠపరిశోధనను కంప్యూటరు క్షణములో చేయుచున్నది. కాని చేయుమని అడిగినప్పుడే చేయును. వెబ్‌సైటునుండి ఫైలును దింపుకొని, చెక్‌సమ్ చూడక, ముద్ర చూడక తెరచువారికి ఈ రక్షణ లేదు. మింట్ ఉదంతమున నష్టపోయినవారికి, హ్యాండ్‌బ్రేక్ ఉదంతమున నష్టపోయినవారికి లోపించినది ఈ పరీక్షయే.

ఒకే గుమ్మము, ఒకే కాపరి

ఇటీవల మరియొక మార్పు వచ్చినది. విడివిడిగ మిర్రరులను వెదకు శ్రమ లేకుండ, ప్రపంచమంతట సర్వరులు గల పెద్ద కంపెనీలే ప్రతులను మోసి దారిని చూపుచున్నవి. డెబియన్ వారి ‘డెబ్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్’ అను చిరునామా వెనుక ఫాస్ట్‌లీ అను కంపెనీ సర్వరులు కలవు. అడుగువాడు ఏ దేశమున నున్నను ఒకే పేరు చాలును. దగ్గరి సర్వరు తానే పలుకును. సౌకర్యమునకు దీనిని మించినది లేదు.

అయినను 2021 జూన్ 8న జరిగినదానిని మరువరాదు. ఆ దినమున ఒకానొక ఖాతాదారుడు తన అమరికలో న్యాయమైన మార్పు నొకదానిని చేసికొనెను. ఆ మార్పు అంతకుముందే ఫాస్ట్‌లీ సాఫ్ట్‌వేరులో దాగియున్న లోపమును మేల్కొలిపెను. క్షణములలో ప్రపంచమున పెద్ద పెద్ద పత్రికల వెబ్‌సైటులు, బ్రిటిషు ప్రభుత్వపు వెబ్‌సైటుతో సహా, మూగపోయినవి. 49 నిమిషములలో కంపెనీ తన వ్యవస్థను నూటికి 95 పాళ్లు సరిచేసికొనెను. ఆ త్వరను మెచ్చుకొనవలసినదే. కాని వందలకొలది చలివేంద్రములున్నచోట ఒక కుండ పగిలినచో బాటసారి ప్రక్కదానికి పోవును. ఊరికంతకు ఒకే తొట్టి యున్నచో అది పగిలిననాడు అందరికిని దాహమే. కంపెనీల సేవను కాదనవలసిన పని లేదు. దానిని చూచి విద్యాలయములు తమ ప్రతులను విడిచిపెట్టుట మాత్రము దూరదృష్టి కాదు.

తెలుగునాట చేయదగిన పని

ఈ విషయము తెలుగు ఉపాధ్యాయులకు, విద్యార్థులకు దూరమైనది కాదు. డెబియన్‌ను కంప్యూటరులో నెలకొల్పునప్పుడు తెలుగు భాషను ఎన్నుకొనవచ్చును. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థవారు తెలుగు ముఖము గల లినక్సును తయారుచేసిరి. అనగా వస్తువు తెలుగులో సిద్ధముగ నున్నది. అది చేరవలసిన దారియే బాగుపడవలెను.

ఒక పాఠశాలలో 30 కంప్యూటర్లున్నవనుకొందము. ఒక్కొక్కదానికి 500 మెగాబైట్ల సవరణలు కావలెను. లైను సెకనుకు 10 మెగాబిట్లది. ఒక్కొక్క కంప్యూటరు విడివిడిగ బయటికి పోయి తెచ్చుకొన్నచో మొత్తము 15,000 మెగాబైట్లు; దీనికి 3 గంటల 20 నిమిషములు పట్టును. అంతసేపు ఆ లైనుపై వేరు పని సాగదు. అదే పాఠశాలలో ఒక పాత కంప్యూటరున ‘ఆప్ట్ కాషర్’ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు నుంచినచో, మొదట అడిగినవాని కొరకు తెచ్చిన ప్రతిని అది దాచియుంచి, మిగిలిన 29 కంప్యూటర్లకు ఇంటిలోనుండియే ఇచ్చును. అప్పుడు బయటినుండి రావలసినది 500 మెగాబైట్లు మాత్రమే. ఏడు నిమిషములలోపు వచ్చి చేరును. దగ్గరి ప్రతి యనునది ఇంతకంటె దగ్గర కానేరదు. దీనికి సర్కారు ఉత్తరువు అక్కరలేదు; ఆసక్తి గల ఉపాధ్యాయు డొకడు, ఇద్దరు ముగ్గురు విద్యార్థులు చాలుదురు.

పై మెట్టున చేయవలసినది విశ్వవిద్యాలయముల వంతు. ఒక మిర్రరునకు కావలసినది పెద్ద డిస్కులు, మంచి లైను, దానిని శ్రద్ధతో చూచు మనిషి. ఈ మూడింటిలో మొదటి రెండును ధనముతో వచ్చును. మూడవది రాదు. డెబియన్ భాండారము దినమునకు నాలుగుమారులు మారుచుండును. ఆ మార్పులను అందుకొనలేక వెనుకబడిన మిర్రరు లేని మిర్రరుకంటె చేటు. ఆరంభోత్సవమునాడు దండలు వేసి, ఆరు నెలలకు మరచిపోవు అలవాటు ఈ పనికి పనికిరాదు. కంప్యూటరు శాఖ విద్యార్థులకు దీనిని నిత్యపాఠముగ నప్పగించినచో, వారికి విద్యయు, ఇతరులకు సేవయు ఒక్కమారే సిద్ధించును.

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణమున అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లతో భారీ డేటా కేంద్రమును, దానితోపాటు సముద్రపు కేబుళ్లు ఒడ్డు చేరు కేంద్రమును నెలకొల్పెదమని ప్రకటించినది. తెలుగుతీరమునకు తీగలు వచ్చుట సంతోషింపదగినదే. కాని కేబులు ఒడ్డున చేరినంతమాత్రమున పల్లెబడికి దూరము తగ్గదు. ఆ కేబులు కొనకు, బడి లైనునకు మధ్య కూడళ్లు కావలెను. ఆ కూడళ్లయొద్ద అందరికి చెందిన ప్రతులు కావలెను. ఆ ప్రతులను కాచువారు కావలెను. ఇవి లేనిచో తీరమున నున్న సంపద పటముపై మాత్రమే దగ్గర.

కంప్యూటరు పాఠము చెప్పు ఉపాధ్యాయుడు మీట నొక్కుట ఎట్లో నేర్పుచున్నాడు. ఆ మీట నొక్కినప్పుడు ప్రశ్న ఏ దారిని పోవుచున్నదో, ఎవరి ఔదార్యమున వస్తువు వచ్చుచున్నదో, అది శుద్ధప్రతి యని ఎట్లు సరిచూచుకొనవలెనో కూడ నేర్పినచో ఆ పాఠము పూర్తియగును. ఆ పాఠము విన్న విద్యార్థులలో కొందరైనను రేపు తమ విద్యాలయములలో ఒక ప్రతిని నిలుపుదురు. అప్పుడు ఎఱ్ఱసముద్రమున కేబులు తెగినను తెలుగు పల్లెలోని బడి తన పని తాను చేసికొనగలుగును.